మిసెస్ సేన్ పేరేమిటి? వలస కథల్లో పెళ్లిని మనం ఎలా చదువుతున్నాం

వానపాట · శుక్రవారం, రాత్రి 10.40

విశాఖలో ఎం.ఏ. ఇంగ్లీషు చదివేటప్పుడు ఝుంపా లాహిరి కథల సంపుటి ‘ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్’ మాకు పాఠంగా ఉండేది. 1999లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది. అందులో ‘మిసెస్ సేన్స్’ అనే కథ మీద పరీక్షలో ప్రశ్న పడింది. పరాయి దేశంలో సొంత సంస్కృతిని వదులుకోలేక నలిగిపోయిన స్త్రీ కథ అని నాలుగు పేజీలు రాశాను. మార్కులు బాగానే వేశారు.

మొన్న ఆ కథ మళ్లీ చదివాను. ఈ మధ్యలో నాకు పెళ్లయింది, హెచ్-4 వీసా మీద అమెరికా వచ్చాను, నాలుగేళ్లు ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు చదువుతుంటే అప్పటి నా జవాబు తప్పనిపించింది. మీతో మాట్లాడాలని ఇక్కడ పెడుతున్నాను.

చదవనివాళ్ల కోసం కథ కొంచెం చెబుతాను. సేన్ అమెరికాలో ఒక యూనివర్సిటీలో లెక్కలు చెబుతాడు. ఆయన భార్య ఎలియట్ అనే పదకొండేళ్ల పిల్లాడిని బడి అయ్యాక తన అపార్ట్‌మెంట్‌లో చూసుకుంటుంది. కథంతా ఆ పిల్లాడి కళ్లతోనే చూస్తాం. ఆవిడ నేల మీద పాత పేపర్లు పరిచి, దేశం నుంచి తెచ్చుకున్న కత్తిపీట ముందు కూర్చుని గంటసేపు కూరలు తరుగుతుంది. ఎలియట్‌కి ఆ కత్తి వంపు వైకింగుల ఓడ ముక్కులా కనిపిస్తుంది. మనకు ఆ పోలిక అక్కర్లేదు. పీట మీద కాలు నొక్కిపెట్టి, రెండు చేతులతో కాయని కత్తికి అందించే ఆ కూర్చోవడం మన అమ్మమ్మలందరిదీ. కత్తి కదలదు, కాయే కదులుతుంది. పెళ్లి వస్తే చుట్టుపక్కల ఆడవాళ్లు ఎవరి కత్తిపీట వాళ్లు తెచ్చుకుని, మేడ మీద గుండ్రంగా కూర్చుని, తెల్లవార్లూ యాభై కిలోల కూరగాయలు తరిగేవాళ్లని పిల్లాడికి చెబుతుంది. ఆ కబుర్ల మధ్య నిద్ర పట్టేది కాదట. ఇక్కడ నిశ్శబ్దానికి పట్టడం లేదట.

ఇంతవరకూ చూస్తే బెంగే. కానీ కథలో సగం కారు చుట్టూ తిరుగుతుంది. ఆవిడకు డ్రైవింగ్ రాదు. తాజా చేప కావాలంటే భర్తకు తీరికుండాలి. లైసెన్సు వస్తే అంతా బాగుపడుతుందని ఆయన అన్నాడని చెబుతుంది. ఎక్కడికైనా వెళ్లొచ్చని పిల్లాడంటే, కలకత్తా దాకా వెళ్లగలనా, పదివేల మైళ్లు, గంటకు యాభై మైళ్లు, ఎంతసేపు పడుతుంది ఎలియట్ అని అడుగుతుంది. పిల్లాడికి ఆ లెక్క రాదు. నేను చేశాను. 200 గంటలు.

బెంగ కథ అని చదివితే తప్పంతా దూరం మీదకి పోతుంది. కలకత్తా దూరం, మంచి చేప దొరకదు, ఎవరేం చేస్తారు! పెళ్లి కథ అని చదివితే ఇంకో రకం ప్రశ్నలు వస్తాయి. ఆవిడ ఇక్కడికి ఎవరి ఉద్యోగం కోసం వచ్చింది? ఆవిడ రోజు ఎలా గడవాలో ఎవరి టైంటేబుల్ చెబుతోంది? ఇద్దరూ ఒకే విమానం దిగితే ఒకరికి ఊరు, ఇంకొకరికి గది ఎలా వచ్చాయి?

ఇంకొకటి. కథ మొత్తం వెతికాను, ఆవిడ పేరు లేదు. మిసెస్ సేన్ అంతే. మీరు చదివిన వలస కథల్లో పెళ్లి మీకెలా కనిపించిందో రాయండి.

కృష్ణలంక · శుక్రవారం, రాత్రి 11.25

మీరు రాసింది బాగుందండీ, కానీ సేన్ మీద కొంచెం అన్యాయం జరుగుతోందనిపిస్తోంది. ఆయన ఏం చేశాడు? ఓపిగ్గా డ్రైవింగ్ నేర్పాడు. వీలైనప్పుడు చేపల కొట్టుకు తీసుకెళ్లాడు. తాగడు, కొట్టడు, అరవడు. కొత్త ఉద్యోగం, పరాయి దేశం, తనకు మాత్రం టెన్షన్ ఉండదా? ఆ కథలో ఆయన లోపల ఏముందో రచయిత్రి ఒక్క వాక్యం కూడా రాయలేదు.

నేను డాలస్‌లో ఉంటాను. వచ్చిన మొదటి రెండేళ్లు ప్రాజెక్టు పోతుందేమోనని నిద్ర పట్టేది కాదు. ఆ భయం ఇంట్లో చెప్పుకోలేదు. స్త్రీవాద విమర్శ మగవాడి వలస బాధని కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా?

రెండో షిఫ్ట్ · శనివారం, ఉదయం 6.10

కృష్ణలంక గారూ, సేన్ చెడ్డవాడని ఇక్కడెవరూ అనలేదు. ఆయన మంచివాడు కాబట్టే ఆ కథ అంత బలంగా ఉంది. భర్త కొట్టే కథ అయితే మనం ఆ ఒక్కడినీ తిట్టుకుని పుస్తకం మూసేస్తాం. భర్త మంచివాడైనా ఆవిడ గదిలోనే ఉండిపోతే అప్పుడు అడగాల్సింది పెళ్లిని.

నేను లండన్‌లో నర్సుని. మోనికా అలీ ‘బ్రిక్ లేన్’ (2003) నాకు దగ్గరి పుస్తకం, అందులో మనుషులు నా బస్సులో ఎక్కేవాళ్లు. నజ్నీన్ పద్దెనిమిదేళ్లప్పుడు బంగ్లాదేశ్ పల్లెటూరి నుంచి లండన్‌లో టవర్ హామ్లెట్స్ అనే పేటలోని ఫ్లాట్‌కి వస్తుంది. భర్త చాను వయసులో తనకంటే చాలా పెద్ద, బాగా మాట్లాడతాడు, సర్టిఫికెట్లు ఫ్రేములు కట్టించుకుంటాడు. ఆయనా మంచివాడే. ఆ నవల్లో నేను మర్చిపోలేనిది ఒకటుంది. ఆయన షేక్‌స్పియర్ గురించి, బ్రిటిష్ సమాజం గురించి ఉపన్యాసం ఇస్తుంటే ఆవిడ ఆయన పాదాల మీద ఆనెకాయలు బ్లేడుతో తీస్తుంటుంది. ఒకసారి కాదు, నవలంతా. మాట ఆయనది, చెయ్యి ఆవిడది.

తర్వాత ఇంట్లోనే కుట్టుపని మొదలుపెడుతుంది. జీన్స్‌కి జిప్పులు, అంచులు, ముక్కకింత చొప్పున. ఆ మిషను వచ్చాకే నవల నడక మారుతుంది. చివరకు చాను ఢాకా వెళ్లిపోతాడు, ఆవిడ ఇద్దరు కూతుళ్లతో లండన్‌లో ఉండిపోతుంది. అందరూ కుట్టుపని తెచ్చిచ్చే కరీంతో ఆవిడ ప్రేమ గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ఆ నవలకు గుండెకాయ కుట్టుమిషనే.

మగవాళ్ల భయం గురించి మీరన్నది నిజం, కాదనను. అయితే మీ భయానికి ఆఫీసులో ఒక పేరుంది, జీతం స్లిప్పు మీద ఒక పేరుంది. ఆవిడ భయానికి ఏముంది?

వానపాట · శనివారం, ఉదయం 9.05

జీతం స్లిప్పు అన్నారు కాబట్టి కథలో ఒక చిన్న విషయం. మిసెస్ సేన్ చేసేది జీతం పనే కదా, ఎలియట్ తల్లి డబ్బిస్తోంది. అయినా ఆవిడ దాన్ని పనిలా చూడదు. ఆ తల్లి కొడుకుని తీసుకెళ్లడానికి రాగానే కూర్చోబెట్టి ఏదో ఒకటి తినిపిస్తుంది, ఇంటికొచ్చిన మనిషికి చేసినట్టు. చివర్లో కారు ప్రమాదం జరిగాక నవంబరు నెలకి మిగిలిన డబ్బు తిరిగిచ్చేది సేన్. అప్పుడు ఆవిడ తలుపేసుకుని లోపల ఉంటుంది.

హెచ్-4 సంగతి తెలియనివాళ్లకు: భర్తకో భార్యకో అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి వీసా ఉంటే రెండోవాళ్లకు ఇచ్చే వీసా అది. ఉద్యోగం చేయకూడదు. 2015 మే 26 నుంచి కొందరికి పని అనుమతి ఇస్తున్నారు, దానికి కూడా హెచ్-1బి మీద ఉన్నవాళ్ల గ్రీన్‌కార్డు ప్రయాణం ఒక మెట్టు దాటాలి. చాలామందికి ఆ మెట్టు ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే అర్జీకి ఆమోదం. మా ఆయన ఐ-140 వచ్చేదాకా నాకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. ఏ ఫారం తీసినా ‘డిపెండెంట్’ అన్న గడిలో టిక్కు పెట్టేదాన్ని. బ్యాంకులో, ఇన్సూరెన్సులో, చివరకు లైబ్రరీ కార్డు కోసం అడ్రసు రుజువు కావాలన్నా కరెంటు బిల్లు ఆయన పేరు మీదే ఉండేది.

చెబితే చిన్న విషయంలా ఉంటుంది. నాలుగేళ్లు రోజూ ఉంటే చిన్నది కాదు.

పాత పుస్తకాల షాపు · శనివారం, మధ్యాహ్నం 2.30

వరంగల్‌లో ఇరవై రెండేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పాను. సంస్కృతుల సంఘర్షణ అని నోట్సు ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ చర్చ నాకు ముఖ్యం.

ముందు ఒక సంగతి. ఇది దక్షిణాసియా వాళ్లతో మొదలైన కథ కాదు. ఆంజియా యెజియెర్స్కా రాసిన ‘బ్రెడ్ గివర్స్’ 1925 నాటిది. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో పేద యూదు కుటుంబం. తండ్రి పొద్దస్తమానం పవిత్ర గ్రంథం చదువుకుంటాడు, కూతుళ్లు సంపాదించి పెడతారు. ముగ్గురు కూతుళ్లకు తనకు నచ్చినవాళ్లతో పెళ్లి చేసి ముగ్గురి బతుకులూ పాడుచేస్తాడు. చిన్నది సారా ఇల్లు వదిలి చదువుకుని టీచరవుతుంది. పెళ్లి సంబంధం బేరం, పరువు, కూతురి జీతం తండ్రి చేతిలో పెట్టడం, అన్నీ మన ఊరి మాటల్లాగే ఉంటాయి.

మన దేశం నుంచి వెళ్లినవాళ్లలో భారతీ ముఖర్జీని వదిలి మాట్లాడలేం. ‘వైఫ్’ (1975)లో డింపుల్ పెళ్లంటే స్వేచ్ఛ అనుకుని కలకత్తాలో ఎదురుచూస్తుంది. న్యూయార్క్ వెళ్లాక అపార్ట్‌మెంట్‌లో టీవీ ముందు మతి చెదిరి చివరకు భర్తని చంపేస్తుంది. ‘జాస్మిన్’ (1989)లో పంజాబ్ పల్లెటూరి జ్యోతికి భర్త జాస్మిన్ అని పేరు పెడతాడు. భర్త హత్య తర్వాత అమెరికా చేరుతుంది. అక్కడ ఒకాయన జేస్ అంటాడు, అయోవాలో బ్యాంకు ఆయన జేన్ అంటాడు. మిసెస్ సేన్‌కు పేరే లేదన్నారు. ఈవిడకు మగవాడు మారినప్పుడల్లా కొత్త పేరు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ కథల్ని అటు తెల్ల పాఠకులు, ఇటు మనం ఒక సులువైన దారిలో చదివేస్తాం: దేశం అంటే చెర, అమెరికా అంటే విడుదల. 1988లో అచ్చయిన వ్యాసంలో విమర్శకురాలు గాయత్రీ చక్రవర్తి స్పివాక్, గోధుమ రంగు మగవాళ్ల నుంచి గోధుమ రంగు ఆడవాళ్లను తెల్ల మగవాళ్లు కాపాడుతున్నారనే వలస పాలకుల వాదాన్ని ఎత్తి చూపింది. ఆవిడ రాసింది సతి నిషేధం గురించి. కానీ ‘జాస్మిన్’ చదువుతుంటే ఆ మాట నాకు మళ్లీ మళ్లీ తగిలింది. కాపాడేవాడు చాలాసార్లు అక్కడి మగవాడే. జ్యోతి వదిలొచ్చిన ఊళ్లోని ఆడవాళ్లు ఏమయ్యారు?

పాత పుస్తకాల షాపు · శనివారం, మధ్యాహ్నం 2.50

పైన రాయడం మరిచాను. చిత్రా బెనర్జీ దివాకరుణి ‘అరేంజ్డ్ మ్యారేజ్’ (1995)లో ‘క్లోత్స్’ కథ ఈ ఉచ్చులో పూర్తిగా పడలేదు. సుమిత అత్తమామలతో ఒకే ఇంట్లో ఉంటుంది, జీన్స్ వేసుకోవాలంటే పడకగది తలుపు మూసుకోవాలి. భర్త సోమేశ్ ఆమెను చదివించాలనుకుంటాడు, ఆ బట్టలు కొన్నది అతనే. అతను నడిపే దుకాణంలో రాత్రి షిఫ్టులో దొంగ కాలుస్తాడు, చనిపోతాడు. అత్తమామలు తమతో పాటు దేశానికి రమ్మంటారు. తెల్లచీర మడత ముందు పెట్టుకుని ఆమె ఇక్కడే ఉంటానని నిశ్చయించుకుంటుంది.

చూడండి, ఆమెని ఎవరూ కాపాడలేదు. పైగా అదే అమెరికా భర్తని చంపింది. దివాకరుణి 1991లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో దక్షిణాసియా స్త్రీల కోసం ‘మైత్రి’ అనే ఫోను సహాయ సంస్థ మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. ఈ కథలు చదువుతుంటే ఫోను అవతల మాట విన్న చెవి కనిపిస్తుంది.

ఇంగువ · శనివారం, సాయంత్రం 7.15

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి. నైజీరియా రచయిత్రి చిమమాండా అడిచీ కథ ‘ది అరేంజర్స్ ఆఫ్ మ్యారేజ్’ చదివారా? 2009 సంపుటిలో ఉంది. చినాజా అనే అమ్మాయికి బాబాయి, పిన్ని అమెరికా డాక్టరు సంబంధం చూస్తారు. తీరా న్యూయార్క్‌లో దిగితే ఇంట్లో సామాన్లే సరిగా ఉండవు. ఆయన ఓఫోదిలే కాస్తా డేవ్ బెల్ అయిపోయాడు. ఈమెని అగాథా బెల్ చేసేస్తాడు. లిఫ్ట్ అనకు ఎలివేటర్ అను, బిస్కెట్ అనకు కుకీ అను. ఒకరోజు కొబ్బరన్నం వండితే, బిల్డింగంతా పరాయి తిండి వాసన నింపేవాళ్లమని మనకు పేరు రాకూడదంటూ మర్నాడు అమెరికన్ వంటల పుస్తకం కొని తెస్తాడు.

అది చదివి నేను పుస్తకం పక్కన పెట్టేశాను. మా ఇంట్లో నా పోపుకి ఒక పద్ధతి ఉండేది. ముందు పడకగది తలుపు మూయాలి, కోట్లున్న అల్మరా తలుపు మూయాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెద్దగా పెట్టాలి, అప్పుడు మూకుడులో నూనె. మంచు రోజుల్లో కిటికీ తీస్తే చలి, తీయకపోతే వాసన. ఆయన కోటుకి ఇంగువ వాసన పట్టిందని ఆఫీసులో ఎవరో ముక్కు మూసుకున్నారట. ఆ రోజు నుంచి వంట ఆయన ఆఫీసుకు వెళ్లాక మాత్రమే, ఆయన వచ్చేసరికి ఇల్లు కొవ్వొత్తి వాసన వేయాలి. ఆయన నన్ను తిట్టలేదు, సిగ్గుపడుతూ అడిగారు. ఇద్దరికీ అవమానమే, నిజమే. కానీ ఆ అవమానాన్ని తుడిచే పని నాకు వచ్చింది.

ఆ కథ ముగింపు ఇంకా గట్టిది. గ్రీన్‌కార్డు కోసం అతను అంతకుముందే ఒక అమెరికన్‌ని పెళ్లాడాడని, ఆ విడాకులే ఇంకా తేలలేదని తెలిసి అదే బిల్డింగ్‌లో ఉండే నియా దగ్గరికి వెళ్లిపోతుంది. కాగితాలు వచ్చేదాకా ఆగమంటుంది నియా. రాత్రికి వెనక్కి వచ్చి బెల్లు కొడుతుంది. అతను తలుపు తీసి పక్కకు జరుగుతాడు. అంతే.

రెండో షిఫ్ట్ · శనివారం, రాత్రి 8.00

ఇంగువ గారూ, ఆ బెల్లు చాలామందికి ఓటమిలా కనిపిస్తుంది. నాకు కనిపించదు. ఆమె లెక్క వేసుకుని వెనక్కి వచ్చింది.

పొద్దుతిరుగుడు · ఆదివారం, ఉదయం 8.20

నేను న్యూజెర్సీలో పుట్టి పెరిగాను. తెలుగు అమ్మ నేర్పింది, తప్పులుంటే మన్నించండి.

లాహిరి నవల ‘ది నేమ్‌సేక్’ (2003)లో అషిమా నాకు మా అమ్మే. భర్తని పేరు పెట్టి పిలవదు. మా అమ్మ ‘ఏవండీ’ అంటుంది, ఫోనులో కూడా ‘ఆయన’ అనే. పెళ్లిచూపుల్లో అషిమా లోపలికి వెళ్లేముందు గుమ్మం దగ్గర విప్పి ఉన్న అతని బూట్లలో కాళ్లు పెట్టి చూస్తుంది. లోపల యూఎస్ఏ అని ఉంటుంది. మనిషిని చూడకముందు ఆ బూట్లను చూసింది. ఈ ఘట్టం క్లాసులో వస్తే మా ప్రొఫెసర్ దాన్ని లొంగుబాటు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ పెళ్లిచూపుల్లో ఎవరూ అడక్కుండా, ఎవరూ చూడకుండా ఆమె చేసిన పని అదొక్కటే.

ఇంకో కోపం కూడా ఉంది నాకు. అదే నవల్లో అషిమా కోడలు మౌషుమి ఉంది. పారిస్‌లో ఉండొచ్చింది, పీహెచ్‌డీ చేస్తోంది, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోలేదు. తర్వాత ఇంకొకరితో సంబంధం పెట్టుకుంటుంది. మేం చదివినప్పుడు క్లాసంతా ఆమెని తిట్టారు, మా అమ్మ కూడా. అషిమా ఓపికని అందరూ మెచ్చుకున్నారు. మౌషుమి మోసం చేసింది, కాదనను. కానీ తన తల్లి డ్రైవింగ్ నేర్చుకోకుండా, ఉద్యోగం లేకుండా, బ్యాంకులో ఏ ఖాతా ఏమిటో తెలియకుండా బతకడం చూసి, ఆ బతుకు తనకు వద్దని పారిపోయిన పిల్ల ఆమె. పారిపోయి పారిపోయి చివరకు తల్లి చూపించిన సంబంధమే చేసుకుంది. ఆ భయం పేజీల్లో ఉంది. మనం దాన్ని దాటేసి అక్రమ సంబంధం దగ్గర ఆగిపోతున్నాం.

కృష్ణలంక · ఆదివారం, ఉదయం 9.10

మౌషుమి తల్లి గురించి నేను అసలు గమనించలేదు. మళ్లీ చదవాలి.

వానపాట · ఆదివారం, ఉదయం 10.30

పొద్దుతిరుగుడు గారూ, తప్పులేం లేవు, చక్కగా రాశారు. మౌషుమి గురించి మీరన్నది తెలుగులో కూడా జరిగింది. కల్పనా రెంటాల ‘తన్హాయి’ అమెరికాలో ఉండే పెళ్లయిన తెలుగు స్త్రీ మరో పెళ్లయిన మగవాడిని ప్రేమించడం గురించిన నవల. నా స్నేహితురాళ్లలో ఆ పుస్తకం తిరిగినప్పుడు మాట్లాడుకున్నదంతా ఆమె చేసింది తప్పా ఒప్పా అనే. ఇండియన్ స్టోర్‌కీ పిల్లల క్లాసులకీ మధ్య ఆ స్త్రీకి ఎంత ఖాళీ మిగిలిందో మాట్లాడలేదు.

పేరు సంగతి మొదలుపెట్టినప్పుడు నా మనసులో ఉన్నది పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’. ఇల్లు అలికి ముగ్గులు పెట్టడంలో మునిగి తన పేరే మరిచిపోయిన ఇల్లాలు. ఎవరిని అడిగినా ఆమె పేరు చెప్పలేరు. చివరకు పాత స్నేహితురాలు ‘శారదా’ అని పిలిస్తే గుర్తొస్తుంది. శారద ఏ సముద్రమూ దాటలేదు. అందుకే మిసెస్ సేన్ పేరు అట్లాంటిక్‌లో పోలేదని నా వాదన. పెళ్లిలోనే పోయింది. అమెరికా చేసిందల్లా, ఆ పేరుతో పిలిచే పాత స్నేహితురాలు ఇంటి చుట్టుపక్కల లేకుండా చేయడం.

ఉప్పుటేరు · ఆదివారం, మధ్యాహ్నం 1.45

అందరూ రాసింది చదివాను. మంచి చర్చ. నాకు ఒక బాధ ఉంది, చెప్పాలి.

మీరు చెప్పిన పుస్తకాల్లో కొన్నిటిలో భర్త ప్రొఫెసరో డాక్టరో. చాలావాటిలో భార్య వెనకాల వచ్చింది. మాది కోనసీమ. మా ఊళ్లో విమానం ఎక్కింది ఆడవాళ్లు. మా అమ్మ కువైట్ వెళ్లింది, నాకప్పుడు ఏడేళ్లు. కోనసీమ నుంచి, నర్సాపురం వైపు నుంచి, పాత కడప జిల్లా రాయచోటి, రాజంపేటల నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో. ఆర్టికల్ 20 వీసా అంటారు, ఇంటి పనివాళ్లది. ఆ పని చేసే ఆడవాళ్లని ఖద్దామా అంటారు. అక్కడ మా అమ్మ పేరు కూడా అదే. వానపాట గారూ, మీ వీసా భర్త మీద ఆధారపడింది. మా అమ్మ వీసా ఆ ఇంటి యజమాని మీద ఆధారపడింది. పాస్‌పోర్టు కూడా వాళ్ల బీరువాలోనే.

ఇక్కడ నాన్న వంట నేర్చుకున్నాడు. నాకు జడ వేశాడు, వంకరగా. పెళ్లాం సంపాదన తింటున్నాడని రేవు దగ్గర మాటలు. ఆ మాటలు పడలేక తాగుడు మొదలైంది. అమ్మ పంపిన డబ్బు నాన్న పేరు మీదే వచ్చేది, ఇల్లు నాన్న పేరు మీదే లేచింది. గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. కాపాడటానికే అంటారు. అలాగే పనికి వెళ్లే మగవాడికి ఆ వయసు లెక్క లేదు.

ఆరేళ్లకి అమ్మ వచ్చింది. మొదటి రోజు టీ పెడదామని వంటింట్లోకి వెళ్లి నిలబడిపోయింది. టీపొడి డబ్బా ఎక్కడుందో తెలియదు. తను పంపిన డబ్బుతో కట్టిన వంటిల్లు అది. నన్ను పిలిచి మెల్లగా అడిగింది, ఎవరింట్లోనో అడిగినట్టు. రాత్రి అందరికీ వడ్డించి, తలుపు పక్కన నిలబడి తింది. కూర్చోమంటే ‘అలవాటైపోయిందే’ అంది.

ఇందులో భర్త ఎవరు, భార్య ఎవరు? వలస పెళ్లిని తలకిందులు చేసింది, కానీ ఇంటి కాగితం మీద పేరు మారలేదు. ఈ కథ మీ సిలబస్‌లలో ఉందా? నేను వెతికాను, నాకు దొరకలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పాత పుస్తకాల షాపు · ఆదివారం, సాయంత్రం 5.20

ఉప్పుటేరు గారూ, నేను చెప్పిన సిలబస్‌లలో లేదు. ఇరవై రెండేళ్లలో నా క్లాసులో గల్ఫ్ వెళ్లిన తల్లుల పిల్లలు ఉండే ఉంటారు. వాళ్లకి నేను బోస్టన్ గురించి చెప్పాను. డయాస్పోరా, అంటే దేశం దాటి వెళ్లినవాళ్లు, అనే మాటకి నేను ఇచ్చిన అర్థంలోనే మీ అమ్మగారు లేరు. అది నా తప్పు, చదువు చెప్పిన తీరు తప్పు.

మీరిప్పుడు రాసింది ఒక కథ. దయచేసి పూర్తిగా రాయండి.

ఇంగువ · ఆదివారం, సాయంత్రం 6.00

టీపొడి డబ్బా దగ్గర ఆగిపోయాను. రాయండి అమ్మా.

కృష్ణలంక · ఆదివారం, రాత్రి 10.15

ఇవాళ ‘మిసెస్ సేన్స్’ కథ పెద్దగా చదివి మా ఆవిడకి తెలుగులో చెప్పాను. మొదటి రోజు నేను రాసింది కూడా చూపించాను. కారు దగ్గరికి వచ్చేసరికి తను నన్ను ఆపింది.

మాకూ ఒక కారు కథ ఉంది. నేనే నేర్పాను, ఖాళీ పార్కింగ్ లాట్‌లో, శనివారాలు. ఓపిగ్గానే నేర్పానని ఇన్నాళ్లూ అనుకున్నాను. తను చెప్పింది, బ్రేకు వేసిన ప్రతిసారీ నేను డాష్‌బోర్డు పట్టుకునేవాణ్ణట. ఏమీ అనేవాణ్ణి కాదట, పట్టుకునేవాణ్ణట. ఆ చెయ్యి చూసి తను ఏడాది పాటు స్టీరింగ్ ముట్టుకోలేదు. నాకు తెలియదు.

ఇంకో మాట అంది. ‘ప్రమాదం జరిగిందని రాశారు. ఆవిడ ఆ రోజు చేప కొనడానికి తనంతట తాను బయల్దేరింది. ఆ సంగతి ఒక్కరూ రాయలేదేం?’

నిజమే. కొట్టువాళ్లు ఆవిడ కోసం చేప పక్కన పెట్టారు. భర్తకు తీరిక లేదు. ఆవిడే పిల్లాడిని ఎక్కించుకుని, లైసెన్సు లేకుండా, తాళం తీసుకుని వెళ్లింది.

వానపాట · ఆదివారం, రాత్రి 11.30

మీ ఆవిడకి నా నమస్కారం చెప్పండి. ఇప్పుడే పుస్తకం తీశాను. నా పాత కాపీలో ఆ పేజీ పక్కన పెన్సిల్‌తో ‘పరాయి నేలపై వైఫల్యం’ అని రాసుకున్నాను, పరీక్ష కోసం.

ఆవిడ మైలు దూరం నడిపింది. తిరగాల్సిన చోటికంటే ముందే ఎడమకు తిరిగింది, ఎదురుగా వచ్చే కారు హారన్‌కి బెదిరి టెలిఫోన్ స్తంభానికి గుద్దింది. పోలీసు వచ్చాడు. అప్పుడు ఆవిడ సంజాయిషీగా ఒకే ఒక్క మాట చెబుతుంది: సేన్ గారు యూనివర్సిటీలో లెక్కలు చెబుతారు.

తాళం తీసుకున్నది తనే. నడిపిందీ తనే. నువ్వెవరని పోలీసు అడిగేసరికి చేతికి అందింది భర్త ఉద్యోగం. పెన్సిల్ రాత చెరిపేశాను. అక్కడ ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు.

ఉప్పుటేరు గారూ, మీ అమ్మగారి పేరేమిటి? చెప్పాలనిపిస్తేనే.

ఉప్పుటేరు · సోమవారం, ఉదయం 6.50

ఇక్కడ అందరి ముందు వద్దండీ. ఆవిడని అడిగి కథలో పెడతాను.